ట్రాక్టరునకు డీజిలు పోయు పద్ధతి

గడచిన కార్తికమాసమున మేము నంద్యాలనుండి ఆళ్లగడ్డకు పోవుచు, కుందూనదికి చేరువనున్న యొక పల్లెలో ఆగితిమి. నల్లరేగడి చేలలో శనగ విత్తుచున్న దినములవి. వాన వెలిసి పదును చక్కగా కుదిరియున్నది. ఊరంతయు చేలలోనే యుండెను. ఒక చేనిలో మాత్రము గొఱ్ఱు కట్టిన ట్రాక్టరు నడిమిసాలులో కదలక నిలిచియుండెను. విచారింపగా, ట్యాంకులో డీజిలు అడుగంటువఱకు నడిపిరనియు, తరువాత క్యానుతో తెచ్చి పోసినను ఇంజను అందుకొనలేదనియు, త్రిప్పి త్రిప్పి బ్యాటరీ కూడ దిగిపోయినదనియు తెలిసినది. మెకానిక్కు వచ్చి చూచునప్పటికి మఱునాటి సాయంకాలమైనది. ఫిల్టరు విప్పగా అందులో నీరును, నల్లని బురదయు కనబడెను. ఈలోపల పైపదును ఆరిపోవుచున్నదని ఆ రైతు మఱియొకరి ట్రాక్టరును బాడుగకు పిలిచి తక్కిన చేను విత్తుకొనెను. ఇంజెక్టరు పంపు మరమ్మతు ఖర్చు వేఱు. ఇంటిముందు సొంత ట్రాక్టరునకు వాయిదాలు కట్టుచు, చేనిలో పరాయి ట్రాక్టరునకు బాడుగ ఇచ్చుకొనవలసివచ్చుటకంటె రైతునకు కష్టమేమున్నది?

ఆ జబ్బు ఇంజనులో పుట్టినది కాదు. డీజిలు పోయు అలవాటులో పుట్టినది. అందుచేత ఈ మాసమున మన సభ్యులకు ఆ విషయమునే విపులముగా తెలుపనెంచితిమి.

మొదట డీజిలునకు ఇంజనులో గల పనిని తెలిసికొనవలెను. అది మండి బలమిచ్చుట యొక్కటే కాదు. ఇంజెక్టరు పంపులో తిరుగు భాగములకు కందెనయు అదియే. ఆ పంపులోని కడ్డీకిని, అది ఆడెడు గొట్టమునకును నడుమనుండు సందు మన తలవెండ్రుక మందములో పదవవంతు కూడ నుండదు. ఇంజెక్టరు మొనయందలి రంధ్రములును సూదిమొనకంటె సన్ననివి. రేగడి దుమ్ము చిటికెడు అందు చొచ్చినచో ఆకురాయివలె అరుగదీయును. నీరు చేరినచో తుప్పు పట్టును. కందెన గుణము చెడును. అప్పుడు ఇంజెక్టరు డీజిలును మంచువలె చిమ్మక చుక్కలుగా కార్చును. ఆ చుక్కలు సరిగా మండక నల్లపొగగా పోవును. పొగగొట్టమునుండి వచ్చు ఆ నలుపు మనము డబ్బిచ్చి కొన్న డీజిలేయని గుర్తుంచుకొనవలెను. మైలేజి తగ్గుటయు, యంత్రము చెడుటయు రెండు వేర్వేఱు రోగములు కావు. ఒకదాని తరువాత ఒకటి వచ్చునవి.

డీజిలులో నీరు ఎక్కడనుండి వచ్చును? బంకువారు కలిపిరని కొందఱు వెంటనే అనుమానింతురు. అట్టిది ఎక్కడనైన జరుగవచ్చును గాని, చాలవఱకు నీరు మన యింటనే పుట్టుచున్నది. చల్లని నీళ్లు పోసిన ఇత్తడిచెంబు వెలుపల నీటిబిందువులు నిలుచుట అందఱు చూచినదే. గాలిలో నుండు తేమ చల్లని లోహమునకు తగిలి నీరగుచున్నది. సాయంకాలమునకు ట్యాంకు సగము ఖాళీయైనచో ఆ ఖాళీచోటు గాలితో నిండును. రాత్రి చలికి రేకు చల్లబడును. లోపలి గాలిలోని తేమ బిందువులై గోడలవెంట జారి డీజిలులో పడును. నీరు డీజిలుకంటె బరువైనది గనుక అడుగునకు చేరును. ఒక్క రాత్రికి చేరునది కొద్దిచుక్కలే. కాని దినదినము చేరినది ఎక్కడికిని పోదు. నీటికిని డీజిలునకును నడుమనుండు పొరలో సూక్ష్మజీవులు పెరిగి జిగటవంటి నల్లబురద నేర్పడును. ఆ పల్లెలో ఫిల్టరునుండి వచ్చినది అదియే.

కావున ట్రాక్టరునకు డీజిలు పోయవలసిన వేళ పని ముగిసిన తరువాత, సాయంకాలము. మన పెద్దలు కాడి దించిన యెద్దులకు రాత్రియే కుడితియు మేతయు పెట్టిరి గాని, తెల్లవారి కాడి కట్టునపుడు పెట్టలేదు. ట్రాక్టరునకును అదే మర్యాద. ట్యాంకు నిండియున్నచో తేమగాలికి చోటుండదు. చిలికిన డీజిలు రాత్రియంతయు కదలక నిలిచి, అందులో నున్న నలుసులు అడుగునకు దిగును. తెల్లవారగానే చేనికి పోవచ్చును. వానకాలమునను, కార్తిక మార్గశిర పుష్యమాసములందును ఇది ముఖ్యము. చైత్రవైశాఖములలో మన ప్రాంతపు గాలి ఎండియుండును గనుక తేమ భయము తక్కువ. అయినను అలవాటు తప్పకుండుటయే మేలు.

నిండుగా పోయుమన్నామని మూతి అంచువఱకు పోయరాదు. డీజిలు వేడికి వ్యాకోచించును. ఒక్కొక్క డిగ్రీకి వేయింటికి సుమారు 0.8 వంతు పెరుగును. 60 లీటర్ల ట్యాంకు నిండుగా పోసి, మఱునాడు ఎండలో 15 డిగ్రీలు వేడెక్కెననుకొందము. పెరుగునది ముప్పాతిక లీటరునకు కొంచెము తక్కువ. అంచువఱకు పోసినచో అది మూతవెంట పొర్లి వేడి ఇంజనుమీద పడును. నాలుగు వ్రేళ్ల వెలితి యుంచవలెను. బంకులో తుపాకి తనంతట తాను కట్టుబడిన పిమ్మట, చిల్లర సరిపోవుటకై ఇంకను నొక్కించుట మానవలెను. పెట్రోలు కార్లలో ఇట్లు నొక్కి పోయించినచో ఆవిరిని పట్టియుంచు బొగ్గుపెట్టె తడిసి చెడును.

డీజిలు పెట్రోలువంటిది కాదు, నిప్పునకు భయపడనక్కఱలేదని మన పల్లెలలో ఒక ధైర్యము కలదు. అది తప్పు. భారతీయ ప్రమాణము ప్రకారము డీజిలు ఆవిరి నిప్పునందుకొను ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు తక్కువ కారాదని మాత్రమే నియమము. నంద్యాల యెండలు 40 డిగ్రీలు దాటు దినములు ఏటేట చూచుచున్నాము. ఎండలో నిలిచిన ట్యాంకు అంతకంటె వేడెక్కును. కావున ఇంజను ఆపి, కొంత చల్లారనిచ్చి, బీడీ దూరముగా పారవేసి మఱి మూత తెఱువవలెను.

ఇక తెల్లవారుజామున డీజిలు చల్లగా, చిక్కగా నుండును గనుక ఆ వేళ కొన్నచో ఎక్కువ వచ్చునను మాట. దీనిని చదువుకొన్నవారును నమ్ముచున్నారు. వేడికి పెరుగుట నిజమే గనుక మాటకు మూలము లేకపోలేదు. కాని బంకులో ఇంధనము భూమిలో పాతిన ట్యాంకులలో నుండును. మన పాతర్లలో జొన్నలు ఎండకు కాగనట్లే, ఆ ట్యాంకులును పగటి ఎండకు త్వరగా కాగవు. తెల్లవారుజామునకును మధ్యాహ్నమునకును భేదము ఒకటి రెండు డిగ్రీలకు మించుట అరుదు. ఒక డిగ్రీ భేదమునకు 20 లీటర్ల డీజిలులో వచ్చు లాభము 16 మిల్లీలీటర్లు, అనగా ఒక్క చెంచాడు! ఆ చెంచాడు కొఱకు లోపలి పల్లెనుండి ట్రాక్టరును రాజమార్గమువఱకు తోలుకొని పోవుట దీపమునూనె పొదుపుచేయుటకు పొరుగూరు పోయినట్లు. వంద రూపాయలకు బదులు నూటపదికి కొట్టించినచో మోసముండదను మాటయు ఇట్టిదే. మీటరునకు మన రూపాయల లెక్కతో పని లేదు. అది లీటర్లను కొలుచును. కొలత తప్పుగా నున్నచో నూటపదికిని తప్పుగానే యుండును.

రూపాయల లెక్కన కొనుటలో అసలు నష్టము వేఱొకటి గలదు. 2017 జూను 16నుండి దేశమంతట ఇంధనపు ధరలను దినమునకొకసారి సవరించు పద్ధతి వచ్చినది. అయిదువందల రూపాయలకు నిరుడు వచ్చినన్ని లీటర్లు నేడు వచ్చుననుకొన వీలులేదు. రూపాయలనే గుర్తుంచుకొను రైతునకు తన ట్రాక్టరు ఎంత త్రాగుచున్నదో ఎన్నటికిని తెలియదు. మఱియు కొద్దికొద్దిగా పోయించుటచే ట్యాంకు ఎల్లప్పుడు అడుగుననే యుండును. ప్రతిసారియు మూత తెఱచుట, ప్రతిసారియు దుమ్ము పడుట. చేతిలో డబ్బు లేక అట్లు చేయువారిని మేము తప్పుపట్టము. అట్టివారు కనీసము విత్తు దినములకు, కోత దినములకు ముందైన ట్యాంకు నిండించుకొనవలెను.

బంకులెక్కువగా నంద్యాల-ఆళ్లగడ్డ రాజమార్గమువెంట నున్నవి. గోస్పాడు, దొర్నిపాడు, ఉయ్యాలవాడ, రుద్రవరము వైపుల లోపలి పల్లెలవారు క్యానులతో డీజిలు తెచ్చుకొనుట సహజము. చెడుగు ఎక్కువగా ప్రవేశించునది ఇచ్చటనే. పురుగుమందు పోసిన క్యానును కడిగి డీజిలునకు వాడుట మేము కన్నులార చూచితిమి. ఎంత కడిగినను మందు వాసన పోదు. కడిగిన నీరును పూర్తిగా ఆరదు. డీజిలు క్యాను డీజిలునకే యుండవలెను. జస్తాపూత పూసిన డబ్బాలు, బకెట్లు పనికిరావు. జస్తా డీజిలుతో కలిసి సబ్బువంటి పదార్థమై ఫిల్టరును మూయును. తెచ్చిన డీజిలును ఒక రాత్రి కదలింపక నిలిపి, మఱునాడు అడుగున రెండంగుళములు వదలి పైది మాత్రము సన్నని జల్లెడగల గరాటుతో పోయవలెను. పాతగుడ్డతో వడగట్టువారు కలరు. దాని నూలుపోగులు ఫిల్టరునకు చేటు. గరాటును గోడకు తగిలించి దుమ్ముపట్టనిచ్చి, పోయునపుడు పంచెకొంగుతో తుడుచుటకంటె సంచిలో చుట్టి పెట్టుట మంచిది.

ఎంత నిలువ చేసికొనవచ్చునని కొందఱు సభ్యులు అడుగుచున్నారు. 1934వ సంవత్సరపు పెట్రోలియము చట్టము ప్రకారము డీజిలువంటి రెండవ తరగతి చమురును ఒకచోట 2500 లీటర్లవఱకు లైసెన్సు లేక ఉంచుకొనవచ్చును. ఏ పాత్రయు 1000 లీటర్లకు మించినది కారాదు. పెట్రోలు మొదటి తరగతికి చెందినది. అమ్మకమునకు కాక సొంతమునకు 30 లీటర్లకు మించి ఉంచుకొనరాదు, దానికి పాత్రల నియమములును కలవు. చట్టము ఒప్పినదని వంటయింటి ప్రక్క పెట్టుకొనుమని మా యభిప్రాయము కాదు. పశువుల కొట్టమునకును, గడ్డివామికిని కూడ దూరముగా, నీడలో నుంచవలెను. పీపాను నిలువుగా పెట్టి వానకు వదలినచో మూతచుట్టు నీరు నిలిచి లోపలికి దిగును.

ట్యాంకు ఎండిపోవునంతవఱకు నడుపరాదని పైన చెప్పితిమి. అడుగునకు వచ్చినకొలది, అన్నినాళ్లుగా నిలిచియున్న నీరును బురదయు పంపువైపు పోవును. పూర్తిగా ఎండినచో గొట్టములలో గాలి చేరును. గాలి నొక్కుబడునది గనుక పంపు ఎంత తోసినను ఇంజెక్టరు తెఱచుకొనదు. అప్పుడు సెల్ఫు నొక్కుచు కూర్చుండుట బ్యాటరీని చంపుకొనుటయే. పాతతీరు ట్రాక్టరులలో ఫిల్టరుపైనుండు గాలిమరను కొంచెము వదులుచేసి, చేతిపంపు ఆడించుచు, బుడగలు పోయి డీజిలు ధారగా వచ్చిన తరువాత మర బిగింపవలెను. పిదప ఇంజెక్టరు పంపుమీది మరను గూడ అట్లే చేయవలెను. డ్రైవరు ఈ పని నేర్చియున్నచో ఆ పల్లెలో రెండు దినములు వ్యర్థముగా పోయెడివి కావు. కాని క్రొత్తతరహా కామన్‌రైలు ఇంజనులలో ఇంజను తిరుగుచుండగా ఇంజెక్టరు గొట్టముల నట్టులను ముట్టరాదు. వానిలోని ఒత్తిడి గాలి ఒత్తిడికి వేయిరెట్లు మించియుండును. సన్నని ధార చర్మమును చీల్చి లోపలికి పోగలదు. వానిని తెలిసిన మెకానిక్కునకే వదలవలెను. ఫిల్టరు అడుగున నీరు తీయు మర ఉన్న ట్రాక్టరులలో వారమునకొకసారి తెల్లవారుజామున, ఇంజను కదపకముందే, దానిని విప్పి నీరు పోయి శుభ్రమైన డీజిలు వచ్చువఱకు వదలుట ఒక్క నిమిషము పని.

మోటారు సైకిళ్లను గూర్చి కొంచెము. 2020 ఏప్రిలు 1నుండి వచ్చిన బి.ఎస్.-6 నియమములతో కార్బ్యురేటరు బండ్లు పోయి, దాదాపుగా అన్నియు ఇంజెక్టరు బండ్లే అయినవి. వీనిలో పెట్రోలు పంపు ట్యాంకులోనే మునిగియుండి పెట్రోలుచేతనే చల్లబడును. ఎల్లప్పుడు అడుగంటు పెట్రోలుతో నడిపినచో పంపు కాగి త్వరగా చెడును. పాతిక వంతు మిగిలియుండగనే పోయించుట మేలు. నేడు పెట్రోలులో నూటికి 20 వంతులు ఇథనాలు కలుపుచున్నారు. లీటరు ఇథనాలులో పెట్రోలులో నున్న శక్తికి మూడింట రెండువంతులు మాత్రమే యుండును గనుక మైలేజి కొంత తగ్గుట సహజము. వెంటనే బంకువానితోగాని మెకానిక్కుతోగాని తగవుపడ నక్కఱలేదు. ఇథనాలు నీటిని పీల్చుకొనును. నీరెక్కువైనచో రెండును కలిసి అడుగునకు విడిపోవును. నెలల తరబడి కదపని బండిలో సగము పెట్రోలు ఉంచుట మంచిది కాదు.

అనుమానము కలిగినచో రైతు చేయదగినదేమి? ప్రతి బంకులోను ముద్రవేసిన 5 లీటర్ల కొలపాత్ర యుండవలెను. దానితో కొలిచి చూపుమని అడుగుట కొనువాని హక్కు. అయిదు లీటర్లకు 25 మిల్లీలీటర్లవఱకు భేదమును నియమము సహించును. అంతకు మించి తక్కువైనచో తూనికలు కొలతల శాఖవారికి వ్రాయవచ్చును. సాంద్రత పరీక్షయు అడుగవచ్చును: జాడీలో ఇంధనము పోసి, తేలుడుకడ్డీని, ఉష్ణమాపకమును ఉంచి చూచి, పట్టికనుబట్టి 15 డిగ్రీల లెక్కకు మార్చి, బంకులో వ్రాసిపెట్టిన అంకెతో పోల్తురు. ఘనమీటరునకు 3 కిలోలకు మించి భేదమున్నచో అనుమానింపదగును. సంతలో ధాన్యము కొలుచునపుడు పడి అడుగు తిరుగవేసి చూచువారము, వేలరూపాయల డీజిలు కొనునపుడు మొగమాటపడుట యెందులకో మాకు తెలియదు.

ఇక లెక్క. మేము ఇంతవఱకు చెప్పినది ఎవరైన పాటించిరో లేదో, పాటించినందున లాభమెంతయో లెక్క లేనిదే తేలదు. పద్ధతి సులభము. ట్యాంకును ఒక గుర్తువఱకు నింపి, గంటల మీటరు అంకె వ్రాసికొనవలెను. మరల అదే గుర్తువఱకు నింపునపుడు పట్టిన లీటర్లను, అప్పటి అంకెను వ్రాయవలెను. ఉదాహరణమునకు, మొదట 1210.4, తరువాత 1222.0 అనుకొందము. నడచినది 11.6 గంటలు. పట్టినది 58 లీటర్లు. గంటకు 5 లీటర్లన్నమాట. ఆ గంటలలో రోటవేటరు 12 ఎకరములు దున్నినచో ఎకరమునకు సుమారు 4.8 లీటర్లు. పైనెలలో అదే చేనిలో, అదే పనికి గంటకు 6 లీటర్లు పట్టినచో ఏదో చెడినదని అర్థము. గాలిఫిల్టరు మూసికొనిపోయినదా, ఇంజెక్టరు కారుచున్నదా, చక్రములు జాఱుచున్నవా, గొట్టములందు చెమర్పున్నదా యని చూడవలెను. క్షణమునకొక చుక్క కారినను దినమునకు నాలుగు లీటర్లు దాటును. కొన్ని పాత ట్రాక్టరులలో గంటల మీటరు ఇంజను వేగమునుబట్టి తిరుగును. అట్టివానికి గడియారమును చూచి వ్రాయుటయే నిజమైన లెక్క. సగము ట్యాంకుతో మొదలుపెట్టి అయిదువందలు, మూడువందలు పోయించువారికి ఈ లెక్క ఎన్నటికి కుదరదు. నిండుట్యాంకు అలవాటునకు గల లాభములలో మేము దీనినే పెద్దదిగా ఎంచుచున్నాము. ఎందుకనగా నీరు, బురద, అరుగుదల కంటికి కనబడక మునుపే ఈ అంకెలలో కనబడును.

డీజిలు అమ్మకమునుగూర్చి సంఘములకు సంబంధించిన మాట యొకటి. 2023లో కేంద్రప్రభుత్వము ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములు పెట్రోలు, డీజిలు బంకులు నడుపుటకు త్రోవ చూపినది. సొంత వాడుకకు పంపు గల సంఘములు దానిని చిల్లర అమ్మకపు బంకుగా మార్చుకొనుటకును అనుమతించినది. లోపలి పల్లెలకు చేరువలో అట్టి బంకొకటి యేర్పడినచో క్యానుల బాధ చాలవఱకు తీరును. స్థలము, పెట్టుబడి, దినసరి అమ్మకము ఎంత యుండునో లెక్క చూడక తొందరపడుటయు తగదు. సభ్యుల డీజిలు వాడుక యెంతయో తెలిసిననే ఆ లెక్క మొదలగును.

అందుచేత సభ్యులు రెండు మాసములపాటు పై విధముగా వ్రాసిన లెక్కలను, నేల రేగడియో ఎఱ్ఱనేలయో, పని దుక్కియో విత్తనమో తోలకమో, ట్రాక్టరు ఎన్ని అశ్వశక్తులదో తెలిపి మాకు పంపవలెనని కోరుచున్నాము. కుందూగట్టు రేగడి చేలలో ఎకరమునకెంత, నల్లమల దాపున రుద్రవరమువైపు నేలలలో ఎకరమునకెంత అను పట్టికను పేర్లు లేకుండ ఒక సంచికలో ప్రకటింతుము.